కోడలు కోసిన ఇటుకలు

మాస్కోకి కూలిపనికి పోయిన తాలయ్ అక్కడ ఇంకో పిల్లను చూసుకుని, ఇక్కడ మా కొండ ఊళ్ళో ఉన్న పెళ్ళాం బురుల్చాకు ఫోన్లో తలాక్ చెప్పాడు. రెండుసార్లు చెప్పేసరికి సిగ్నల్ పోయింది. మళ్ళీ ఫోన్ చేసి మిగిలిన ఒక్కటీ చెప్పాడు. అంత నిక్కచ్చి మనిషి.

వాళ్ళ పెళ్ళి ముల్లా చేసిందే. సర్కారు ఆఫీసులో రాయించుకోలేదు. రాయని పెళ్ళికి పట్నం జడ్జి పంపకాలు చెయ్యడు. పైగా ఇల్లు తాలయ్ తల్లి బాత్మా పేరున ఉంది. అందుకని తగవు మా దగ్గరికొచ్చింది. ఊళ్ళో తగవులు తీర్చడానికి తెల్లగడ్డాలవాళ్ళం ముగ్గురం ఉన్నాం. షత్మన్ మాట్లాడతాడు. ఇంకొకాయన కునుకు తీస్తాడు. నేను వింటాను.

బాత్మా ఇంట్లోనే కూర్చున్నాం. టీ పోసి మొదలుపెట్టింది.

"కొత్త కోడలొస్తోంది అన్నా. ఇది పుట్టింటికి పోవాలి. మనవరాలు మా రక్తం, మా దగ్గరే ఉంటుంది."

"పిల్ల నాతోనే ఉంటుంది," అంది బురుల్చా. "మా ఇద్దరికీ తల దాచుకోను చోటు కావాలి. ఇంకేం అడగను. పుట్టింట్లో అన్నా వదినా పిల్లలూ ఒక్క గదిలో పడుకుంటున్నారు. నేను గొర్రెల కొట్టంలో పడుకోనా?"

"పాపం, ఆ గొర్రెలేం చేశాయే నిన్ను?" అంది బాత్మా.

షత్మన్ ఆచారం చెప్పడం మొదలెట్టాడు. వాళ్ళ తాత కాలం నుంచి ఎత్తుకున్నాడు. కోడలు పుట్టింటి నుంచి తెచ్చుకున్న పెట్టె, బొంతలు కోడలివే అన్నాడు. చోటు మాట మాత్రం ఆచారంలో ఎక్కడా దొరకలేదు. చివరికి నా వైపు తిరిగాడు.

"నువ్వూ ఓ మాట అనవోయ్. నీకు నాలుకుందని ఊరికి తెలియనీ."

"తెచ్చుకున్నవీ, తన చేతుల్తో చేసినవీ పట్టుకుపోనీ," అన్నాను.

బాత్మా మొహం విప్పారింది. కోడలు కుట్టిన ఉన్ని తివాచీలు పాతబడ్డాయి. కొత్త కోడలు కొత్తవి తెస్తుంది.

"పట్టుకుపోనీ. అడ్డమొస్తే ఈ రొట్టె నన్ను కొట్టనీ," అంటూ రొట్టె విరిచింది. రొట్టె పట్టుకుని అన్నమాట మాలో వెనక్కి రాదు.

బురుల్చా నా వైపు చూసింది. నేను టీ వైపు చూశాను.

ఆ ఇల్లు కట్టిన వేసవిలో తాలయ్ మాస్కోలోనే ఉన్నాడు. బాత్మా మోకాళ్ళ నొప్పులకని వేడినీళ్ళ ఊటల దగ్గరున్న చెల్లెలింటికి పోయింది. నేను కాలవ గట్టున గొర్రెలు తోలుకుపోతుంటే, చంటిదాన్ని వీపున కట్టుకుని ఈ పిల్ల మోకాలిలోతు బురదలో గడ్డి వేసి తొక్కుతూ ఉండేది. సాయంత్రం వచ్చేసరికి గట్టంతా పచ్చిటుకలు ఆరుతూ ఉండేవి. గోడలు లేపడానికి ఊరంతా చెయ్యేశాం. ఇటుకలు మాత్రం దానివే.

మర్నాడు పొద్దున్నే బురుల్చా పెట్టె, బొంతలు, తివాచీలు వాకిట్లో పెట్టింది. తర్వాత గడ్డపార తీసుకుని అత్త గదికి వెళ్ళి, కిటికీ కింద గోడ తవ్వడం మొదలెట్టింది. కబురొస్తే మేం పరిగెత్తాం, మా వయసుకి తగినట్టు.

"నీకేమైనా పిచ్చెక్కిందే?" అంటోంది బాత్మా.

"నా చేతుల్తో చేసినవి తీసుకుంటున్నాను అపా," అంది బురుల్చా. అత్తను మావాళ్ళు అమ్మలాగే అపా అంటారు, తిట్టుకునేటప్పుడు కూడా. "ఈ గది అయ్యాక వంటగది. టీ కాచుకుంటే ఇప్పుడే కాచుకోండి."

షత్మన్ వంగి కన్నంలోంచి బయటికి చూశాడు. బయటినుంచి ఎవరిదో మేక లోపలికి చూసింది.

"రొట్టె విరిచావు కదా బాత్మా," అన్నాడు.

"తివాచీలనుకున్నాను. గోడలెవరైనా పట్టుకుపోతారా? ఇది చేతిపనా?"

షత్మన్ మళ్ళీ నా వైపు తిరిగాడు.

"మట్టి తొక్కింది కాళ్ళతోనే," అన్నాను. "అచ్చు పోసింది మాత్రం చేతుల్తో."

మధ్యాహ్నానికి కొండమీద నుంచి చలిగాలి దిగింది. బాత్మా గొర్రెతోలు కోటు వేసుకుని, టీనీళ్ళు కాగే సమోవారును కావలించుకున్నట్టు కూర్చుంది. గోడలో ఇటుకలు ఒక్కొక్కటే బయటికి పోతున్నాయి. చివరికి ఎండవైపు రెండు గదులు బురుల్చాకు, పిల్ల తల్లి దగ్గరే అని ఒప్పుకుంది. ఉత్త మాటకు బురుల్చా గడ్డపార దించలేదు. ఆ పూటే ఊరి ఆఫీసుకి పోయి కాగితం రాయించాం. అప్పుడు తనే మట్టి కలిపి కన్నం పూడ్చింది. అత్త నీళ్ళు అందించింది, తిడుతూనే.

మంచు పడే ముందు తాలయ్ కొత్త పెళ్ళాంతో దిగాడు. సంగతి విని ఎగిరిపడ్డాడు.

"పైన రేకులు నా డబ్బుతో కొన్నవి. ఇల్లు నాది."

"న్యాయమే," అన్నాడు షత్మన్. "రేకులు నీవి. ఊడదీసుకో నాయనా, నిచ్చెన ఇప్పిస్తాం."

తాలయ్ నిజంగానే ఎక్కాడు. బాత్మా పొయ్యి ఎగదోసే చువ్వ పట్టుకుని బయటికొచ్చింది.

"నా నెత్తిన మంచు పోస్తావట్రా? ఒక్క మేకు కదిలిందా, నీ కాళ్ళు విరుగుతాయి. దిగు."

దిగితే చువ్వ ఉంది. ఎక్కితే రేకులున్నాయి. తాలయ్ మధ్యలో ఆగిపోయాడు.

కొత్త పిల్ల సూటుకేసు పట్టుకుని గేటు దగ్గరే నిలబడి అంతా చూసింది. మెల్లగా బురుల్చా పక్కకి వచ్చింది.

"అక్కా, ఇటుకలు కోసే అచ్చు ఎక్కడ దొరుకుతుంది?"

"నా దగ్గరుంది, ఇస్తాలే," అంది బురుల్చా. "ముందు వాణ్ణి దింపి ఆఫీసుకి తీసుకుపో. పెళ్ళి రాయించుకో."