అమ్మమ్మ కుచ్చెళ్ళ తడి

దీవిలో గోల్ ఘర్ పేటలో ఇల్లు దిగి కూరలకని అబర్డీన్ బజార్‌కి చేరేసరికి మహాలక్ష్మమ్మ కుచ్చెళ్ళు తడిసిపోయేవి. సునామీ నీళ్ళలోంచి బతికి బయటపడ్డ నాటి నుంచీ అంతే. ఎక్కడ నిలబడితే అక్కడికి సముద్రం ఎంత ఎత్తు రాగలదో, చీర అంత మేరా తడుస్తుంది. బజార్లో చీలమండ దాకా, పల్లంలో ఉన్న సిప్పీఘాట్‌లో అయితే ఏకంగా నడుం దాకా.

కొత్త కొట్టు కట్టుకునే హిందీవాళ్ళు "నానీ, జరా ఇటొచ్చి నిలబడండి" అని బతిమాలేవారు. తడి చూసుకుని పునాది లేపేవారు. ఊరికే కాదులెండి, టీ, సమోసా ముట్టేవి.

మనవరాలు లహరి టేపు పట్టుకుని ఆవిడ వెనకే తిరిగి, ఆ తడి కొలతల మీదే పీహెచ్‌డీ చేసింది. విపత్తు వస్తే జనం ఎటు పరిగెత్తాలన్నది ఆమె చదువు. మొదటి స్టైపెండ్‌తో అమ్మమ్మకి పట్టుచీర కొంది. అది పెట్టెలోనే ఉండిపోయింది.

"ఉప్పునీళ్ళకి జరీ పాడైపోదేటే? ఇంట్లో కట్టుకుంటే ఎవులు చూత్తారు?" అనేది ముసలావిడ.

ఇవాళ కాలేజీలో లెక్చరర్ ఇంటర్వ్యూ. ఉన్నది ఒక్క పోస్టు. అదొస్తేనే దీవులన్నిటికీ దారులు గీయగలదు.

"బయ్యమేత్తందేటే?"

"భయమెందుకమ్మమ్మా? ఈ పని నాకన్నా బాగా ఎవరికి తెలుసు?" అని నేతచీర సర్దుకుని వెళ్ళింది.

సముద్రం పక్కన కాలేజీ, కింది అంతస్తులో గది. అడిగినవన్నీ టకటకా చెప్పేసింది. చివర్లో పెద్దాయన శేషయ్య గారు కళ్ళజోడు సర్దుకున్నారు.

"నీ లెక్కలకి వంక పెట్టలేమమ్మా. కానీ కొలిచేది ఆవిడొక్కరే. ఆవిడ తర్వాత?"

లహరి ఉద్యోగం చేజారినట్టే అనుకుంది. అయినా అబద్ధం ఆడబుద్ధి కాలేదు.

"తెలీదు సార్. పెద్దావిణ్ణి ఎండలో ఇంకా తిప్పలేను కూడా."

అంతలో పాదాలు చల్లబడ్డాయి. కుచ్చెళ్ళు బరువెక్కాయి. కుర్చీ కింద నీళ్ళు మడుగు కట్టాయి.

శేషయ్య గారు వంగి చూశారు. "మోకాళ్ళ దాకానా?"

"అవును సార్."

ఆయన బోర్డులో తన పక్కనున్నావిడ వైపు తిరిగి, "శారదాదేవి గారూ, ఇకమీద ఇంటర్వ్యూలు పై అంతస్తులో పెట్టుకుందాం" అన్నారు. తర్వాత లహరితో, "ఎప్పుడు చేరతావమ్మా?" అన్నారు.

చీర పిండుకుంటూ బయటికొచ్చేసరికి ఫోన్ మోగింది.

"లహరీ! బజార్లో శివాజీ కొట్టు కాడ నిల్చున్నానే. చీర పొడిగా ఉందే!"

లహరికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చేశాయి.

"రేపు పట్టుచీర కట్టుకుని జెట్టీ దాకా నడుత్తాను. నువ్వూ రావాల."

"వస్తాను అమ్మమ్మా. దార్లో నాకో నైలాన్ చీర కొను, తొందరగా ఆరుతుంది."