ఆరు వేలూ అరవై

పులుసులోకి చింతపండు పిసుకుతుంటే, గుమ్మంలో కూర్చుని చిరిగిన వల బాగుచేసుకుంటున్న మా మరిది జోగయ్య అన్నాడు:

“మా అన్నియ్య ఆరు వేలు తిన్నాడు వొదినా. నువ్వు తినీది అరవై. దానికే ఇంత మూలుగేటి?”

నా కొడుకు ధనరాజు నవ్వాడు. “అరవై అంటే ఎక్స్‌రే లాటిదేలే సిన్నాన్నా.”

నా అంగిలికి క్యాన్సరు. కోసి తీసేశాక శ్రీకాకుళం ఆస్పత్రిలో కరెంటు, అదే రేడియేషను, పెడుతున్నారు. ముఖానికి జాలీ ముసుగు తొడిగి, దాన్ని బల్లకు బిగించి, కదలొద్దంటారు. అక్కడ తెర మీద నా పేరు పక్కన ‘60’ అని ఉంది. చదువు ముసలితనంలో వచ్చింది కదా, కనిపించిందల్లా చదువుతాను. ఇంటికొచ్చి చెప్పాను, నాది అరవై అని. ఆ రోజు నుంచి నా జబ్బు అరవై పాటి జబ్బు అయిపోయింది.

మా ఆయన కూర్మయ్యకు గొంతులో వచ్చింది. ముప్పై ఏళ్ల కిందటి మాట. విశాఖలో కరెంటు పెట్టించారు. ఆరు వేలు అని డాక్టరు చెప్పిన మాటను మా వాళ్లు వలలో పడ్డ చేప బరువు చెప్పుకున్నట్టు ఊరంతా చెప్పుకున్నారు. ఆస్పత్రి పక్కనే ఇల్లు తీసుకున్నారు. “ఒసే దాలమ్మా, గిన్నెల సప్పుడు సెయ్యకు, ఆడు పడుకున్నాడు” అనేది మా అత్త. గంజి వడగట్టి చెంచాతో పోసింది నేను. ఉమ్మిన గిన్నె పట్టుకుంది నేను. మంటెక్కి ఆయన గిన్నె విసిరికొడితే, “ఆరు వేలు తిన్న మనిసి, కోపం రాదేటి?” అంది అత్త. నుదురు చిట్లింది నాకు. ఆయన బతికింది మరో నాలుగేళ్లే. ఆ ఆరు వేలు మాత్రం మా ఇంట్లో ఇంకా బతికే ఉంది. మరి నేను? తెల్లారకుండా వండిపెట్టి, భావనపాడు నుంచి రెండు బస్సులు మారి వెళ్లి, కరెంటు పెట్టించుకుని, తిరిగొచ్చి మళ్లీ వండుతున్నాను. మరిది పెళ్లాం పోయాక అతనికీ ఇక్కడే అన్నం. ఇద్దరికీ కారం ఉండాలి. ఆ ఘాటుకు నా నోరు పగులుతుంది, నేను వండినదే నేను మింగలేను. వేడి దగ్గర ఉండొద్దని డాక్టరు చెప్పాడంటే జోగయ్య లెక్క తీస్తాడు, ఆరు వేలెక్కడ, అరవై ఎక్కడ అని. నిజమే కాబోలని నేనూ పళ్లు బిగించాను.

మర్నాడు మిషను దగ్గర పనిచేసే శ్రావణి జాలీ తొడగబోతూ ఆగింది. “ఏటి పిన్నీ, ఇలా సిక్కిపోతన్నావు? ఇంటికాడ ఎవులూ సూడరా?”

“నాది సిన్న మోతాదే కదమ్మా. మా ఆయనకి ఆరు వేలు పెట్టారు.”

ఆ పిల్లకు ముందు నవ్వొచ్చింది. తరువాత నవ్వు పోయింది. “అప్పుడు మోతాదు రాడ్లనే కొలతలో సెప్పీవోరు పిన్నీ. ఇప్పుడు గ్రేలలో సెప్తన్నాం. ఒక గ్రే అంటే వంద రాడ్లు. నువ్వు సేపలమ్మిన దానివే కదా, క్వింటాకి ఎన్ని కిలోలు?”

“వంద.”

“ఇదీ అంతే. ఆయనకి ఎంతో నీకూ అంతే.”

జాలీ బిగించింది. నోరు తెరవడానికి లేదు, తల తిప్పడానికి లేదు. లోపల నేను అరుస్తూనే ఉన్నాను. అత్తను తిట్టాను, మరిదిని తిట్టాను, చచ్చిపోయిన ఆయన్ని కూడా తిట్టాను. అంత బరువు నెత్తిన పెట్టుకుని వీళ్లకు పులుసు కాచాను.

సాయంత్రం పొయ్యి మీద గిన్నె పెట్టి అడిగాను. “జోగయ్యా, అరవై క్వింటాల సేప బరువా, ఆరు వేల కిలోల సేప బరువా?”

“రెండూ ఒకటే కదా. మతి పోయిందేటి?”

“మీ అన్న ఆరు వేలూ, నా అరవై కూడా అలాగే ఒకటేనంట. మిషను కాడ సెప్పారు.”

జోగయ్య వల ముడి ఒకటి బిగించి అన్నాడు: “అయితే ఏటి? అన్నియ్య మొగోడు. మొగోడు తట్టుకోలేడు. ఆడోలు ఓర్సుకుంటారు.”

నేను కొడుకు వైపు చూశాను. వాడికి లెక్క అర్థమైంది, ముఖంలో తెలిసింది. తల వంచుకుని అన్నాడు:

“పులుసు పొంగుతన్నాది, సూడమ్మా.”

లెక్క తెలియకే వీళ్లు ఇలా ఉన్నారనుకున్నాను.

గ్యాసు కట్టేశాను. పులుసు దించలేదు.

తెల్లవారి రెండు చీరలు సంచిలో పెట్టుకుని బస్సెక్కాను. కరెంటు పెట్టించుకున్నాక తిరుగు బస్సు కోసం నిలబడలేదు. ఆటోలో అరసవల్లి వెళ్లి, గుడి వీధిలో ఒక లాడ్జిలో గది తీసుకున్నాను. ఎండుచేపలమ్మి దాచుకున్న డబ్బు నాదే. చికిత్స అయ్యేవరకూ ఉంటానని చెప్పాను.

పొద్దుగూకే వేళ ధనరాజు ఫోన్ చేశాడు. “ఎక్కడున్నావమ్మా? బస్సు దొరకలేదా?”

“దొరికింది. ఎక్కలేదు.”

“మరి మాకు అన్నం?”

“పొయ్యి అక్కడే ఉన్నాది కదరా.”

ఫోన్ పెట్టేసి, చల్లారిన పాలలో మెత్తగా కలిపిన అన్నం ముందు పెట్టుకున్నాను. ఒక్కో ముద్దా మింగడానికి చాలాసేపు పట్టింది. మధ్యలో నన్నెవరూ లేవమనలేదు.