మరిది చేతి వాచీ

నడకకు పేరివ్వమని నన్నెవరూ బతిమాలలేదు. ఆస్పత్రికి డయాలసిస్ యంత్రం కొనడానికి విరాళాల కోసం, మనుషుల జాడలేని కొండల్లో ఆరు రోజుల నడక. లైబ్రరీలో తోటివాళ్లంతా చూస్తున్నారని గొప్పకు పోయి సంతకం పెట్టేశాను. అప్పటిదాకా నేనెక్కిన ఎత్తల్లా పుస్తకాల బీరువా ముందుండే నిచ్చెనే.

నిర్వాహకులు తలా ఒక వాచీ ఇచ్చారు. నెల్లాళ్లు అది కట్టుకుని నడిస్తే మన అడుగులూ గుండె వేగమూ వాళ్లకు చేరతాయి. నాలుగు రోజులకే నాకు ఆయాసం, మోకాళ్ల నొప్పులు. ఐదో రోజున వాచీని మా మరిది చేతికి కట్టేశాను. అతను పోస్ట్‌మ్యాన్, ఊళ్లో మెట్ల వీధులన్నీ అతని వాటానే. వదిన పరువు నిలబెడతానని నవ్వుతూ వెళ్లాడు. నిలబెట్టాడు కూడా.

ప్రయాణానికి రెండు రోజుల ముందు సంచులు సర్దుకోవడానికి ఆస్పత్రి హాల్లో చేరాం. మమ్మల్ని నడిపించే నర్సు వాచీల లెక్కలున్న కాగితాలు తిరగేసి, అందరిలోకీ గట్టి గుండె నాదేనంది. అందుకని నన్ను అందరికన్నా వెనక, మాతోపాటే పేరిచ్చిన దర్జీ బాబాయికి తోడుగా వేసింది. ఆయనకు అరవై రెండేళ్లు. కూతురికి ఒక కిడ్నీ ఇచ్చేశాడు. అక్కడ ఫోన్లు పనిచెయ్యవు కాబట్టి, ఆయనకేమైనా అయితే నేను గంటన్నర దూరం పైకి పరుగెత్తి ముందువాళ్లకు చెప్పాలట.

సగం దారిలో నేను కూలబడి ఉండటం, కింద రాళ్ల మధ్య ఆయనొక్కడే నా కోసం చూస్తూ ఉండటం కళ్ల ముందు కదిలాయి. చచ్చేంత భయం వేసింది. అయినా, ఆయనకేమీ కాదులే అని నాకు నేనే సర్దిచెప్పుకుని తల ఊపాను.

ఇంతలో ఆయన కూతురు వచ్చి నా చేతులు పట్టుకుంది.

"నాన్నని పంపనని నెల్లాళ్లు పోట్లాడానక్కా. మీ లెక్కలు చూశాకే ఒప్పుకున్నా."

"అవి నా లెక్కలు కావు," అన్నాను. గొంతు నాకే వినబడలేదు. మళ్లీ చెప్పాను. "ఆ వాచీ మా మరిది కట్టుకున్నాడమ్మా. నేను మూడంతస్తులు కూడా ఎక్కలేను."

ఆమె నా చేతులు వదిలేసింది. తండ్రి వీపు మీది సంచీని తనే విప్పి నేలమీద పెట్టింది. తిట్టినా బాగుండేది.

బాబాయి మాత్రం దిగులుగా నా వైపు చూశాడు.

"ఇంకో రెండు రోజులు ఊరుకునుంటే బయల్దేరిపోయేవాళ్లం కదమ్మా."

నిజమే. రెండు రోజులు నోరు మూసుకోవడం నాకు పెద్ద పనేం కాదు. అది తలుచుకుంటేనే ఇప్పటికీ ఒళ్లంతా చెమటలు పడతాయి.