వీపున గుడ్లు మోసే పురుగు

పురుగుల ప్రదర్శనశాలలో నీళ్ళ తొట్లు చూసుకునే అతన్ని అక్కడికొచ్చే పిల్లలంతా పురుగుల మావయ్య అనేవాళ్ళు. ఊరందరి పిల్లలకీ మావయ్య, ఒక్క పిల్లకి మాత్రం నాన్న. ఆ పిల్ల తల్లి జబ్బు చేసి పోయేనాటికి దానికి మాటలు కూడా సరిగ్గా రాలేదు. అప్పటి నుంచి దాన్ని దుప్పటితో వీపుకి కట్టుకునే తొట్లు కడిగేవాడు. వంగినప్పుడల్లా అది అతని చెవులు పట్టుకుని కిలకిలమనేది. తోటివాళ్ళు ఏడిపించేవాళ్ళు: "మూడో తొట్టిలోవాడూ నువ్వూ కవలలా ఏంటి?"

మూడో తొట్టిలోవాడంటే బొటనవేలంత గోధుమరంగు నీటిపురుగు. ఆ జాతిలో తల్లి గుడ్లు తెచ్చి మగవాడి వీపు మీద అంటించి తన దారిన తను పోతుంది. మిగతా చాకిరీ అంతా అతగాడిదే. గుడ్లకి గాలి తగలాలని మాటిమాటికీ నీటి పైకి తేలతాడు, వెనకకాళ్ళతో నిమురుతాడు. అవి పిల్లలయ్యేదాకా రెక్క విప్పలేడు, సరిగ్గా వేటాడనూ లేడు. చూసే జనం మాత్రం "ఛీ, బొద్దింక" అని పక్క తొట్టి దగ్గరికి పోతారు. మనుషుల చూపు అంతవరకే.

అక్కడ పరిశోధన చేసే మేడమ్ ఓసారి అతనికి ఇంకో సంగతి చెప్పింది. ఖాళీ వీపువాడికన్నా అప్పటికే గుడ్లు మోస్తున్నవాడినే ఆడపురుగులు ఏరికోరి ఎంచుకుంటాయట. "మోయగలడని తెలిసిపోయింది కదా," అంది. అతను నవ్వి, "ఈ మాట కాస్త మా అత్తగారికి చెప్పండి మేడమ్," అన్నాడు.

అత్తగారి ఆలోచన వేరు. "పిల్లున్నవాడికి పిల్లనెవరిస్తారయ్యా?" అనేది ఆవిడ. పెద్దకూతురికి పిల్లల్లేరు. "దీన్ని వాళ్ళ పెద్దమ్మ ఒళ్ళో వెయ్యి. దాని కడుపూ చల్లబడుతుంది, నువ్వూ మళ్ళీ ఓ ఇంటివాడివవుతావు." చెడ్డ మనిషి కాదావిడ. పోయిన కూతురి కోసం ఏడ్చీ ఏడ్చీ, ఉన్నవాళ్ళనైనా చక్కబెట్టాలని తాపత్రయం. అతను అవుననలేక, కాదనలేక నెలల తరబడి నీళ్ళు నమిలాడు.

ఆ మధ్య పిల్లకి జ్వరం తగిలింది. పక్కింటావిడకి అప్పజెప్పి పనికి వెళ్ళేసరికి, ఊడ్చే పనిలో కొత్తగా చేరినావిడ సంబరంగా ఎదురొచ్చింది.

"పాపం, మూడో తొట్టిలోదానికి వీపంతా బూజు పట్టేసిందన్నా. పాత పళ్ళబ్రష్షుతో రుద్ది దులిపేశాను. ఎంత హాయిగా తిరుగుతోందో చూడు."

గుడ్లన్నీ తొట్టి అడుగున పడి ఉన్నాయి. వీపు వదిలిన గుడ్డు నీళ్ళలో బతకదని అతనికి తెలుసు. మంచి మనసుతో చేసిన పనికి ఏమని తిడతాం? పురుగు మాత్రం నిజంగానే హాయిగా ఉంది. చురుగ్గా ఈదుతోంది, వేసిన ఎరని ఒక్క ఊపులో పట్టుకుంది. గుడ్ల కోసం వెతుకుతుందేమోనని అతను చాలాసేపు నిలబడి చూశాడు. వెతకలేదు. అదే అతని మనసుని పట్టుకుంది.

ఆ సాయంత్రమే అత్తగారూ, ఆవిడ పెద్దకూతురైన వదినా వచ్చారు. వదిన చెప్పులు విప్పీ విప్పగానే పిల్లని ఒళ్ళోకి తీసుకుని తడిగుడ్డతో ఒళ్ళంతా తుడిచింది. అతను ఎంతసేపు ఎత్తుకుని తిప్పినా ఆగని ఏడుపు ఆగిపోయింది.

"చూశావా?" అంది అత్తగారు మెల్లిగా. "ఎలా నలిగిపోయావో ఒకసారి అద్దంలో చూసుకో నాయనా. ఆ బరువు దించుకో. నీ మేలుకే చెబుతున్నా."

"అది బూజు కాదత్తయ్యా."

"ఏంటీ?"

"ఏం లేదు. కొన్నాళ్ళు తీసుకెళ్ళండి. జ్వరం తగ్గేదాకా."

కొన్నాళ్ళంటే ఎన్నాళ్ళో ఎవరికీ తెలీదని అతనికి తెలీదా? తెలుసు. ఒక్క రాత్రి కంటినిండా నిద్రపోవాలనిపించి అన్నాడు. నిద్రపోయాడు కూడా. ఆ నిద్రని తర్వాతెప్పుడూ అతను క్షమించలేదు.

జ్వరం తగ్గింది. తీసుకొద్దామని వెళ్తే, ఇప్పుడిప్పుడే అలవాటు పడింది, లాగితే బెంగపెట్టుకుంటుందన్నారు. తర్వాత వానలన్నారు, ఆ తర్వాత బడన్నారు. ఈలోగా పిల్ల వదినని అమ్మా అనడం మొదలెట్టింది. అప్పుడు అత్తగారు అతన్ని వసారాలోకి పిలిచింది.

"అమ్మ చెల్లెలి మొగుడు వరసకేమవుతాడు? బాబాయేగా. నిన్నూ నాన్నా అంటే, ఇద్దరు నాన్నలేంటని బడిలో అడుగుతారు. పసిదాన్ని తికమక పెట్టడం ఎందుకు?"

వరసలో తప్పులేదు. ఆ రోజు నుంచి అతను బాబాయయ్యాడు.

అత్తగారు అన్నమాట ప్రకారం సంబంధాలూ చూసింది. ఇద్దరు ముగ్గురు వచ్చి మాట్లాడి వెళ్ళారు. వాళ్ళలో ఒకావిడ, బడిలో టీచరు, ముఖం మీదే చెప్పేసింది: "కన్నబిడ్డనే ఇచ్చేసిన మనిషితో నేనేం కాపురం చెయ్యను?" అతనికి కోపం రాలేదు. ఆవిడ సరిగ్గానే ఎంచుకుందనిపించింది.

మొన్న సెలవురోజు వెళ్ళేసరికి పిల్ల నేల మీద చెక్కముక్కలతో ఇల్లు కడుతోంది. అతనూ పక్కన కూర్చుని ముక్కలు అందించాడు. గోడలు లేచాయి. బొమ్మల్ని లోపల పెడుతూ పిల్ల తలెత్తింది.

"బాబాయ్, నీకు పాప లేదా?"

వంటింట్లో వదిన కలియబెడుతున్న గరిటె చప్పుడు ఆగింది.

"ఉందమ్మా."

"ఎక్కడ?"

"వాళ్ళ పెద్దమ్మ దగ్గర."

పెద్దమ్మంటే ఎవరో ఆ పిల్లకి తెలీదు. తెలియాల్సిన అవసరం రాలేదు. "మరి వెళ్ళి తెచ్చుకోవా? నేను ఆడుకుంటాగా," అంది.

"తీసుకొస్తే ఏడుస్తుందేమోనమ్మా."

పిల్ల చేతిలో ముక్క పక్కన పెట్టి, అతని మోకాలి మీద చెయ్యి వేసింది.

"ఏడవదులే బాబాయ్," అని ధైర్యం చెప్పింది. "వాళ్ళ నాన్నవేగా నువ్వు."