మూడో గొళ్లెం

మధ్యాహ్నం మూడు దాటింది. ఇంకా నూట నలభై చొక్కాలకు కాజాలు పడాలి, మిషన్లు చూస్తే ఆగిపోయి ఉన్నాయి. వడ్రంగి కుట్టుషెడ్డు తలుపుకు కొత్త గొళ్లెం బిగిస్తున్నాడు, మేస్త్రీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. ఈ నెలలో ఇది మూడో గొళ్లెం.

మొదటి రెండూ ఊడబీకింది, అందరూ పిడుగు అని పిలిచే పిల్ల. కాజాలు కుట్టే ఆవిడ కూతురు, పదిహేడేళ్లది. లెక్క పూర్తయ్యేదాకా ఎవరూ కదలకుండా మేస్త్రీ తాళం వేయడం, అది కత్తెర మొనతో గొళ్లెం మరలు విప్పేయడం. విప్పి ఎక్కడికైనా పోతుందా అంటే పోదు. తలుపు బార్లా తెరిచి, వచ్చి తన మిషన్ ముందు కూర్చుంటుంది. మేస్త్రీకి ఒళ్లు మండేది అందుకే.

"తల్లేమో నోట్లో నాలుక లేని మనిషి. దీనికి ఈ పొగరెక్కడిదో" అన్నాడు. "మొక్కై వంగనిది మానై వంగుతుందా?"

ఎక్కడిదో తల్లికి తెలుసు. పన్నెండేళ్లుగా కడుపులో దాచుకుని తిరుగుతోంది.

మేస్త్రీ తాళం తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. "నువ్వే వెయ్యమ్మా. కన్నతల్లి వేసింది కూడా పీకుతుందేమో చూద్దాం. వెయ్యనంటావా, ఇద్దరూ రేపట్నుంచి రానక్కర్లేదు."

ఇద్దరి కూలీ పోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. పిడుగు తలెత్తలేదు. కత్తెర మాత్రం కింద పెట్టకుండా పిడికిట్లో బిగించింది. చూసి తల్లి గుండె చెరువైంది.

ఆమె వెళ్లి తలుపు మూసింది. గొళ్లెం పెట్టింది. తాళం పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"వెయ్యను మేస్త్రీ గారూ."

"ఏంటీ?"

"దాన్ని మొక్కగా ఉన్నప్పుడే వంచాను. అయిదేళ్ల పిల్లని వెంట తెస్తే పనిలోకి రానివ్వనన్నారు మీరు. గదిలో పెట్టి తాళమేసి వచ్చేదాన్ని. పొద్దున వేస్తే మళ్లీ చీకటిపడ్డాకే తియ్యడం. రెండేళ్లు. నిద్రలో ఉండగా వేస్తున్నాను కదా, దానికేం తెలుస్తుందిలే అనుకున్నాను." తాళం తిరిగి అతని చేతిలో పెట్టింది. "తలుపు మూస్తే దానికి ఊపిరాడదండీ. అది పొగరెలా అవుతుంది?"

వడ్రంగి సంచి సర్దుకోవడం ఆపాడు.

కూతురు కుర్చీలోంచి లేవలేదు, తల్లి వైపు చూడలేదు.

"నిద్రపోయేదాన్ని కాదమ్మా" అంది. "తాళమేశాక రెండుసార్లు లాగి చూసుకునేదానివి. రెండోసారి లాగినప్పుడల్లా, తీస్తున్నావేమో అనుకునేదాన్ని."