గుంటలోంచి రావాల్సిన జవాబు

ఏరు కోతమిల్లులోకి జొరబడి దుంగల్ని పడవల్లా తేల్చుకుపోయిన వరద ఉందే, దాని తర్వాతి ఏడు జరిగిందిది.

ఆ మిల్లులో పెద్ద రంపం నడిపే ముసలాయన్ని అందరూ పెద్దరంపం అనే పిలిచేవారు. కోస్తే సూటిగా కోస్తాడు, మాట్లాడితే కరుగ్గా మాట్లాడతాడు, లేదంటే అసలు మాట్లాడడు. రంపం కింద మనిషి దిగేంత గుంట ఉంటుంది. చెక్కపొట్టంతా అందులో పడుతుంది. ఒకడు దిగి ఎత్తిపోయాలి. పైన స్విచ్చి దగ్గరున్నవాడు "చేతులు?" అని కేకెయ్యాలి. కిందవాడు మూలకి ఒదిగి "తీశా!" అనాలి. ఆ జవాబు వినపడందే స్విచ్చి ముట్టుకోకూడదు. కొడుక్కీ అల్లుడికీ ఈ పద్ధతి నేర్పింది ఆయనే.

కొడుకు ఆ గుంటలోనే పోయాడు. స్విచ్చి వేసింది అల్లుడు.

"పిలిచాను. తీశా అన్నాడు. వేశాను," అన్నాడు అల్లుడు. పోలీసులు రాసుకుని వెళ్ళిపోయారు. చేతులు తియ్యకముందే పలికిన కుర్రాడి తొందరపాటే కొంప ముంచిందని మిల్లంతా అంది. పెద్దరంపమూ అదే నమ్మాడు. దుప్పటి కప్పిన కొడుకు పక్కన కూర్చుని, "నోటికీ చేతికీ పొంతన లేని వెధవా!" అని తిట్టాడు. కన్నీళ్ళు రాలేదు. కొడుకుతో ఆయన అన్న ఆఖరి మాట అదే.

ఆ తర్వాత అల్లుడు స్విచ్చి వైపు వెళ్ళలేదు. పలకలు మోసేవాడు. ఒకరోజు వీధిలో అందరికీ సూదులు వేసే నర్సమ్మ ముందు కూలబడి ఏదో చెప్పుకున్నాడు.

ఆ వీధిలో ఒకరి వల్ల ఒకరికి దెబ్బ తగిలితే, పోలీసులు పోయాక కూడా, ఇద్దర్నీ కూర్చోబెట్టి మాట్లాడించేవారు. ఆ పని చూసేది నర్సమ్మే. ఒక మధ్యాహ్నం ఆవిడ తన ముందుగదిలో కుర్చీలు గుండ్రంగా వేయించింది. పెద్దరంపం ఒకవైపు, అల్లుడు ఎదురుగా. కూతురు ఏ పక్కనా కూర్చోలేక కుర్చీ గుమ్మం దగ్గరికి లాక్కుంది.

"సూది పొడిచేటప్పుడు నొప్పి ఉండదని ఊరందరికీ అబద్ధం చెప్పినదాన్ని," అంది నర్సమ్మ. "ఇవాళ చెప్పను. నొప్పి ఉంటుంది. చెప్పు నాయనా."

అల్లుడు తల ఎత్తలేదు. "ఆ రోజు నిద్రమత్తులో మీ అమ్మాయి చెప్పులేసుకుని మిల్లుకొచ్చాను మావయ్యా. 'మా అక్కేది బావా, చెప్పులొక్కటే పంపిందా?' అన్నాడు వాడు. అందరూ పడీపడీ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఇక వాడితో మాట్లాడకూడదనుకున్నాను."

"మాట్లాడకపోతే?" అన్నాడు పెద్దరంపం.

"పిలవలేదు. టీకి పోయుంటాడులే అనుకుని వేసేశాను."

"తీశా అన్నాడన్నావు కదరా?"

"నేను పిలిస్తే కదా మావయ్యా, వాడు పలకడానికి!"

పెద్దరంపం, ఎవరితోనో తెలీనట్టు, "మరి నేను వాణ్ణి తిట్టానే," అన్నాడు. మళ్ళీ అదే అన్నాడు.

"ఇతనేం చేస్తే మీకు కాస్త ఊరట అన్నయ్యా?" అడిగింది నర్సమ్మ.

"ఏం చేస్తాడమ్మా? నా తిట్టు వెనక్కి తెస్తాడా?" అల్లుడి వైపు తిరిగాడు. "మిల్లులో చెప్పాలి. అందరి ముందు, రంపం దగ్గర నిలబడి. నా కొడుకుది తప్పు కాదని."

"చెప్తాను," అన్నాడు అల్లుడు.

గుమ్మం దగ్గర్నుంచి కూతురు అంది: "నాన్నా, నాకూ తెలీదు ఇప్పటిదాకా. తమ్ముడూ పోయాడు. ఇప్పుడు ఈయన్ని గడప తొక్కనివ్వనంటే నేనెక్కడికి పోను?"

ఆయన చెప్పులేసుకుని బయటికి నడిచాడు.

మర్నాడు పొద్దున్నే అల్లుడు రంపం పక్కన నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఒకడు తుపుక్కున ఉమ్మాడు. మిగతావాళ్ళు నేల చూశారు. పెద్దరంపం తువ్వాలు నడుముకి బిగించుకుని, "స్విచ్చి దగ్గర నిలబడరా," అని గుంటలోకి దిగాడు.

"వద్దు మావయ్యా!"

"నిలబడు."

పొట్టు ఎత్తిపోశాడు. పైనుంచి "చేతులు?" అని వినపడింది.

ఆయన పలకలేదు. రంపం పళ్ళ చక్రం మీద అరచెయ్యి ఆనించి అలాగే నిలబడ్డాడు. పైన చప్పుడు లేదు. అల్లుడు ఆగే ఉన్నాడు. అంత పెద్ద రంపమూ ఆగే ఉంది.

"ఆ రోజు ఈపాటి ఆగుంటే చాలు కదరా," అన్నాడాయన, పొట్టులోకి. అప్పుడొచ్చాయి కన్నీళ్ళు.

"చేతులు, మావయ్యా?"

తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. మూలకి ఒదిగాడు.

"తీశా," అన్నాడు.

రంపం కదిలింది. పొట్టు నెత్తిన రాలుతుంటే, ఆ మోతలో పైనెవరికీ వినపడకుండా, ముసలాయన కొడుకుని పేరు పెట్టి పిలిచి, తన తిట్టు మనసులో పెట్టుకోవద్దని అడిగాడు.