పన్నెండున్నరా, పద్నాలుగా?

నేను ఒక ఇత్తడి పట్టీని. అరచేతిలో ఇమిడేంత పొడవు, రెండు వేళ్ల వెడల్పు. నా ఒంటి నిండా చుక్కల వరుసలు చెక్కి ఉంటాయి. ఒక్కో వరుస పక్కన ఒక్కో అంకె. పాత స్టాంపు అంచున ఉండే బెజ్జాలను నా చుక్కలకు ఆనించి చూస్తారు. ఏ వరుసలో బెజ్జాలన్నీ చుక్కల మీద సరిగ్గా కూర్చుంటాయో ఆ అంకే దాని కొలత. రెండు సెంటీమీటర్ల దూరంలో ఎన్ని బెజ్జాలున్నాయో చెప్పడం తప్ప నాకింకేమీ చేతకాదు. మనుషులు మాత్రం ఆ అంకె వినగానే ఎగిరి గంతేస్తారు, లేదా డీలా పడిపోతారు. బొమ్మ అదే, రంగు అదే. ఒకటి రెండు బెజ్జాల తేడాతో ఒక స్టాంపు మామూలుదవుతుంది, ఇంకొకటి అపురూపమవుతుంది.

నన్ను మద్రాసులో, స్కేళ్లు చెక్కే చిన్న కార్ఖానాలో చేశారు. అక్కణ్ణుంచి ఒక కంటి డాక్టరు గారి చేతికి వచ్చాను. ఆయన నన్ను పుస్తకంలో గుర్తుగా పెట్టి మరిచిపోయారు. వాళ్ల వంటమనిషి కొన్నాళ్లు నాతో పెనం గీకింది. చివరికి గుండీల డబ్బాలో పడి, డబ్బాతో సహా కాకినాడలో పాత సామాన్ల దుకాణానికి చేరాను. అక్కడ ఫిలోమినా టీచరు గారి కంట పడ్డాను. ముప్పై ఏళ్లు భూగోళం పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. నన్ను ఇంటికి తీసుకెళ్లి చింతపండుతో తోమారు. నా అంకెలు మళ్లీ వెలుగు చూశాయి.

టీచరు గారికి స్టాంపుల స్నేహితుడు ఒకాయన ఉన్నారు, ఖాసిం పీరా గారు. రైల్వేలో గార్డుగా చేశారు. ఊళ్లో స్టాంపుల ప్రదర్శన పెడుతున్నారంటే, ఆయన తన ఓడ బొమ్మల స్టాంపులన్నీ తెచ్చి టీచరు గారికి అప్పగించారు.

"మీ దస్తూరీ ముత్యాల్లా ఉంటదండీ. అట్టకి అంటించి, కింద పేర్లూ కొలతలూ మీరే రాసిపెట్టాలి. ఈ ఎర్ర ఓడని మాత్రం జాగ్రత్తగా చూడండి టీచరు గారూ. పన్నెండున్నర! అందరికీ దొరికేది పద్నాలుగు."

రాసేముందు ఒకసారి కొలవడం టీచరు గారి అలవాటు. ఎర్ర ఓడను నా మీద పెట్టారు. పన్నెండున్నర దగ్గర మొదటి రెండు బెజ్జాలు కుదిరాయి, తరవాతవి పక్కకు జరిగిపోయాయి. పద్నాలుగు దగ్గర ఈ చివరి నుంచి ఆ చివరిదాకా చక్కగా కూర్చున్నాయి. ఆవిడ కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు. నాలుగు వైపులా కొలిచారు. పద్నాలుగే.

ఆవిడ ముఖం పాలిపోయింది. ఎందుకంటే ఆవిడ ఆల్బంలోనూ అలాంటి ఎర్ర ఓడే ఒకటుంది, పద్నాలుగుది. ఆ సంగతి పీరా గారికి తెలుసు. ఇప్పుడీ మాట చెబితే మార్చేశాననుకోరూ? ఆయన చెప్పినట్టే రాసేస్తే ఎవరు కొలవొచ్చారు? కలం చేతిలోకి తీసుకున్నారు. చాలాసేపు అలాగే కూర్చుని, కలం మూత పెట్టేశారు. నన్నూ స్టాంపునూ సంచీలో వేసుకుని రిక్షా ఎక్కారు.

పీరా గారు మాట మొత్తం విన్నారు. తరవాత నేల చూస్తూ అన్నారు:

"మీ దగ్గర కూడా ఇదే ఉంది కదండీ... పొరపాటున అదీ ఇదీ కలిసిపోలేదు కదా?"

టీచరు గారు గొంతు పెంచలేదు. "నాది ఆల్బంలోంచి తియ్యనే లేదండీ. మీరు దేంతో కొలిచారో ఒకసారి చూపిస్తారా?"

ఆయన బీరువా తెరిచి మడత పెట్టిన కాగితం ఒకటి తెచ్చారు. నాలాంటి పట్టీకే ఎవరో తీసిన జిరాక్సు. టీచరు గారు దాన్ని బల్ల మీద పరిచి, నన్ను పక్కన పెట్టారు. కాగితం మీద పన్నెండున్నర అని ఉన్న వరుస నా పద్నాలుగు వరుసతో చుక్కకు చుక్క కలిసింది.

"పేజీలో పట్టడం కోసం చిన్నది చేసి తీశారండీ! చుక్కలు దగ్గరపడిపోయాయి. మీ స్టాంపు మీదేనండీ, ఎవరూ మార్చలేదు."

పీరా గారు కుర్చీలో కూలబడ్డారు. "నా నోరు పడిపోను. మిమ్మల్ని ఎంత మాటన్నాను!" కళ్లు తుడుచుకుని, ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టారు. "ఇది అపురూపమని నమ్మి మూడు నెలలైందండీ టీచరు గారూ. నమాజుకెళ్లినా ధ్యాసంతా ఈ బీరువా మీదే."

ఆయన భార్య హాజరాబీ గారు టీ కప్పులతో గుమ్మంలో నిలబడి అంతా విన్నారు.

"అయితే అది అందరి దగ్గరా ఉండేదేనా?"

"అందరి దగ్గరా ఉండేదేనమ్మా," అన్నారు టీచరు గారు.

"హమ్మయ్య! ఈ స్టాంపున్న ఇంటికి కాపలా ఉండాలంటా మా చెల్లెలికి బిడ్డ పుట్టినా పంపలేదండీ ఈయన. రేపే తుని పోతాను."

"నేనూ వస్తాలే," అన్నారు పీరా గారు.

అపురూపమైనది చేజారితే మనుషులు ఏడుస్తారని విన్నాను. ఆ ఇంట్లో ముగ్గురూ రెండోసారి టీ పెట్టుకుని తాగారు.

ప్రదర్శన నాడు పీరా గారు తునిలోనే ఉండిపోయారు. అట్టల పక్కన టీచరు గారొక్కరే కూర్చున్నారు, నేను బల్ల మీద ఉన్నాను. ఎవరో ఒకాయన ఎర్ర ఓడ దగ్గర వంగి చాలాసేపు చూశాడు.

"ఇది చాలా అరుదైనదాండీ?"

"కాదండీ, మామూలుదే," అని టీచరు గారు భూతద్దం అందించారు. "ఆ తెరచాపలు చూడండి, గాలికి ఎలా పొంగాయో."